ముప్పై సెకన్ల గడియారం, మనింటి తెలుగు

పోయిన బుధవారం మన గ్రూపులో ఒక చెల్లెలు నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చి, నిద్ర పట్టక, 'కౌంట్‌డౌన్' గడియారం మ్యూజిక్ ముక్క ఒకటి పెట్టింది. అంతే. సాయంత్రం నేను ఫోన్ తీసేసరికి నూట నలభై మెసేజ్‌లు. ఎవరు ఏ ఊళ్ళో ఉండగా చూశారో, ఎవరి మావగారు సోఫాలో కూర్చుని లెక్కలు గబగబా చేసేసేవారో, కడుపుతో ఒంటరిగా ఇంట్లో ఉన్న రోజుల్లో ఎవరికి ఆ కాసేపే తోడైందో, చదువుతుంటే నాకూ కళ్ళు చెమర్చాయి. అయితే చివరికి అందరూ కలిసి రెండు మాటలు తేల్చేశారు. ఒకటి, ఆ ప్రోగ్రాం వల్లే మన ఇంగ్లీషు బాగుపడింది. రెండోది, ఆ రోజులే వేరు, ఇప్పుడు అలాంటివి ఎక్కడున్నాయి అని.

ఈ రెండిటికీ నేను ఒప్పుకోను. గ్రూపులో రాస్తే గుడ్ మార్నింగ్ పువ్వుల మధ్య కొట్టుకుపోతుందని ఇక్కడ రాస్తున్నాను. తిట్టాలనుకుంటే విడిగా మెసేజ్ పెట్టి తిట్టండి.

ముందు రెండోది చూద్దాం. అలాంటివి లేకపోవడమేంటి, ఆ ప్రోగ్రామే ఉంది కదా! 1982 నవంబర్ 2న ఛానల్ ఫోర్ పుట్టినరోజున, ఆ ఛానల్‌లో వచ్చిన మొట్టమొదటి కార్యక్రమం అది. ఇవాళ్టికీ మధ్యాహ్నం పూట వస్తూనే ఉంది. మనుషులు మారారు, స్టూడియో లీడ్స్ నుంచి మాంచెస్టర్ వైపు వెళ్ళింది, గడియారం మాత్రం అదే. రిమోట్ నొక్కితే వస్తుంది. మనమే నొక్కట్లేదు. ఎందుకంటే అప్పుడు పక్కన కూర్చుని చూసిన మనిషి ఇప్పుడు లేరు, లేదా ఉన్నా ఇంకో గదిలో ఇంకో తెర చూసుకుంటున్నారు.

కొత్తగా వచ్చిన చెల్లెళ్ళ కోసం ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఇద్దరు పోటీదారులు. ఒకరు అచ్చు కావాలో హల్లు కావాలో చెప్తుంటే తొమ్మిది ఇంగ్లీషు అక్షరాలు బోర్డు మీద పెడతారు. ముప్పై సెకన్లలో వాటితో ఎంత పెద్ద మాట చెయ్యగలరో చెయ్యాలి. మాటలో ఎన్ని అక్షరాలుంటే అన్ని పాయింట్లు, తొమ్మిదీ వాడేస్తే పద్దెనిమిది. మధ్యమధ్యలో లెక్కలు వస్తాయి. ఆరు అంకెలిచ్చి, ఒక మూడంకెల సంఖ్య చూపించి, కూడికలూ తీసివేతలూ గుణకారాలూ భాగహారాలూ చేసి దాన్ని పట్టుకోమంటారు. ఆఖర్న కలగాపులగం చేసిన తొమ్మిదక్షరాల మాట ఒకటి, ముందు బజర్ నొక్కినవాళ్ళకి పది. ఫ్రాన్సులో 1965లో మొదలైన ఆటని చూసి వీళ్ళు చేసుకున్నారు. గెలిచినవాళ్ళకి ఏమిస్తారో తెలుసా? ఒక టీ పాట్. గడియారం బొమ్మ ఉన్న టీ పాట్. దానికోసం ఇంజనీర్లూ టీచర్లూ లారీ డ్రైవర్లూ ఏళ్ళ తరబడి సాధన చేసి వస్తారు. ఈ టీ పాట్ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికొస్తాను.

ఇక ఇంగ్లీషు సంగతి. నేను 2003లో వచ్చాను. గుంటూరులో ఎనిమిదేళ్ళు వార్డుల్లో పనిచేసి, ఇంజక్షన్ చేతికి తగిలితే నరం పేరు చెప్పగలిగే దాన్ని, ఇక్కడికొచ్చి అడాప్టేషన్ పేరుతో ఒక కేర్ హోంలో పెద్దవాళ్ళకి అన్నం తినిపిస్తూ ఉన్నాను. పని చిన్నదని కాదు. కానీ నోరు తెరవాలంటే భయం. మొదటి వారంలోనే హ్యాండోవర్‌లో 'వెజిటేబుల్స్' అన్నాను, మన స్కూల్లో నేర్పినట్టే, చివర్లో టేబుల్ పెట్టి. ఒకావిడ పకాలుమని నవ్వింది. ఇంకొకావిడకి తిరిగి చెప్పి ఇద్దరూ నవ్వారు. చెడ్డవాళ్ళేం కాదు, తర్వాత నాకు చాలా సాయం చేశారు కూడా. కానీ ఆ రోజు నుంచి మూడు నెలలపాటు నేను కూరగాయల పేరెత్తలేదు. క్యారెట్లంటే క్యారెట్లు, బఠాణీలంటే బఠాణీలు, విడివిడిగా చెప్పేదాన్ని. నవ్వకండి, మీలో సగం మందికి ఇలాంటి మాట ఒకటి ఉంటుందని నాకు తెలుసు.

ఆ హోంలో మధ్యాహ్నం మూడు దాటాక లాంజ్‌లో టీవీ సౌండ్ పెంచేవాళ్ళు. టీ ట్రాలీ తోసుకుంటూ నేను వెళ్ళేసరికి రిచర్డ్ వైట్లీ ఏదో ఒక రంగురంగుల కోటు వేసుకుని, పేలని జోకొకటి వేసి, తనే నవ్వుకుంటూ ఉండేవాడు. పక్కన కరోల్ వోర్డర్‌మన్ అక్షరాలు పెడుతూ, లెక్కలు చేస్తూ. ఇరవై ఒక్క ఏళ్ళప్పుడు ఆ ఉద్యోగానికి ఆవిడ తరఫున వాళ్ళమ్మే దరఖాస్తు పంపిందని ఎక్కడో చదివి, మన అమ్మల్లాంటిదే అనుకున్నాను. మూల టేబుల్ దగ్గర నిఘంటువు పెట్టుకుని సూసీ డెంట్. 1992లో వచ్చి కూర్చున్న మనిషి ఇంకా ఆ టేబుల్ దగ్గరే ఉంది. మనలో కొందరి పెళ్ళిళ్ళకంటే పాత కాపురం అది.

కిటికీ పక్క కుర్చీలో ఒక పెద్దావిడ ఉండేది. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, ఎనభై ఆరేళ్ళు. చేతులు వణుకుతాయి కాబట్టి కాగితం మీద రాయలేదు. "నువ్వు రాయి, నేను చెప్తాను" అని నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. ట్రాలీ ఆలస్యమైతే ఎవరైనా అంటారేమోనని నేను బెదురుతుంటే, "టీ చల్లారితే నేను తాగుతాలే" అనేది. అలా మొదలైంది. ఆవిడ చెప్పిన మాటలు రాసేదాన్ని. కొన్నాళ్ళకి నాకు కనిపించిన మాటలు పక్కన చిన్నగా రాసుకోవడం మొదలుపెట్టాను. మూడక్షరాలవి, నాలుగక్షరాలవి. ఆవిడ ఓరకంట చూసేది కానీ ఏమీ అనేది కాదు.

ఒకరోజు బోర్డు మీద అక్షరాల్లో నాకు 'సూచర్' కనిపించింది. ఎస్, యు, టి, యు, ఆర్, ఇ. కుట్లు! ఎన్ని వందల మందికి పట్టుకున్నానో ఆ ట్రే. టీవీలో ఇద్దరూ అయిదక్షరాల మాటల దగ్గర ఆగిపోయారు. నేను ఆరు. పెద్దావిడ వణికే చేతులతో చప్పట్లు కొట్టి, లాంజ్ అంతటికీ వినపడేలా, "మా నర్సు వాళ్ళిద్దర్నీ ఓడించింది" అని అరిచింది. అప్పటికి నన్ను ఆ హోంలో ఎవ్వరూ నర్సు అనలేదు. క్యారర్‌నే. ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి మా ఆయనకి చెప్పబోతే ఏడుపొచ్చింది, ఆయనకి ఏమైందో అర్థంకాక కంగారుపడ్డాడు.

అందుకే చెప్తున్నాను, నా ఇంగ్లీషు దానివల్ల బాగుపడలేదు. ఆ ప్రోగ్రాంలో గెలిపించే మాటలు ఎవరైనా ఎప్పుడు వాడతారు? వార్డులో ఒక్కటీ పనికిరాలేదు. నా ఇంగ్లీషు బాగుపడింది రోగులతో మాట్లాడీ, డాక్టర్ల చేతిరాత చదివీ, కొడుకు స్కూల్ ఉత్తరాలు చదివీ. నాకు అక్కడ దొరికింది వేరు. తప్పు మాట చెప్పినా ఏమీ కాదన్న ధైర్యం.

గమనించారా మీరు? పోటీదారు ఒక మాట చెప్తాడు. ఉందో లేదోనని డిక్షనరీ కార్నర్ వైపు చూస్తారు. సూసీ డెంట్ వెతుకుతుంది. లేకపోతే, లేదండీ, పాపం మంచి ప్రయత్నం అన్నట్టు చెప్తుంది. ఎందుకు లేదో, ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చినట్టు అనిపిస్తోందో ఒక ముక్క చెప్తుంది. ఆ రౌండుకి సున్నా. మళ్ళీ కొత్త అక్షరాలు. అంతే! ఎవరూ నవ్వరు, "ఇన్నేళ్ళొచ్చాయి, ఇది కూడా రాదా" అనరు. తప్పు ఖరీదు ఒక్క రౌండు, దాన్ని మోసుకుని తర్వాతి రౌండుకి వెళ్ళక్కర్లేదు. నేను మూడు నెలలు కూరగాయల్ని మోశాను కాబట్టి ఆ తేడా నాకు బాగా తెలిసింది.

2005 జూన్‌లో వైట్లీ చనిపోయాడు. అప్పటికి నేను ఆసుపత్రికి మారిపోయాను, పెద్దావిడని చూడ్డానికి సెలవు రోజున వెళ్ళేదాన్ని. "మధ్యాహ్నాలు పొడుగైపోయాయి" అంది. కొన్ని నెలలకి ఇంకొకాయన్ని పెట్టి మళ్ళీ మొదలుపెట్టారు. ఆవిడ మాత్రం ఆ చలికాలం దాటలేదు.

ఇంతవరకూ చదివి "అక్కా, నువ్వూ పాత జ్ఞాపకాలే రాశావుగా" అంటారు. ఆగండి, అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడొస్తుంది, అది నాకు గొప్పగా చెప్పుకునే విషయమేం కాదు.

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళప్పుడు మా అమ్మ గుంటూరు నుంచి వచ్చింది. ఎయిర్‌పోర్టులో అమ్మని చూడగానే పిల్ల పరిగెత్తుకుంటూ "అమ్మమ్మ వచ్చాడు, అమ్మమ్మ వచ్చాడు" అని అరిచింది. ఎంత ముద్దుగా ఉందో! అందరం నవ్వాం. అక్కడితో ఆగితే బావుండేది. నేను ఆ వీడియో చుట్టాల గ్రూపులో పెట్టాను. ఇండియా నుంచి మామయ్యలూ పిన్నులూ ఫోన్ చేసినప్పుడల్లా "ఏదీ, అమ్మమ్మ వచ్చాడా?" అని ఆటపట్టించేవాళ్ళు. విందు భోజనాలకి వెళ్తే "ఒకసారి చెప్పమ్మా" అని అడిగేవాళ్ళు. నెలా రెండు నెలల్లో పిల్ల తెలుగు మాట్లాడ్డం మానేసింది. మనం తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు. అమ్మ ఉన్న ఆరు నెలలూ ఇద్దరూ సైగలతోనూ నవ్వులతోనూ గడిపారు. నేను దాన్ని పిల్లల మొండితనం అనుకున్నాను, "మనవాళ్ళ పిల్లలందరూ ఇంతే" అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

'వెజిటేబుల్స్' అని నవ్విన ఆవిడని పదిహేనేళ్ళు గుర్తుపెట్టుకున్న నేను, నా కూతురికి అదే పని చేశాను. అదీ ఫోన్‌లో రికార్డు చేసి మరీ.

ఇప్పుడు ఉగాది పోటీ గురించి మాట్లాడతాను. కమిటీలో ఉన్న అక్కలు ఏమీ అనుకోవద్దు, మీరు పడే కష్టం నాకు తెలుసు, ఆ పులిహోర గిన్నెలు నేనూ మోశాను. పిల్లల్ని ఒక్కొక్కరినీ స్టేజీ ఎక్కించి, మైకిచ్చి, ముప్పై సెకన్లలో ఇన్ని తెలుగు మాటలు చెప్పాలి, గెలిచిన పిల్లకి బంగారు కాసు అని అనుకుంటున్నారు. కౌంట్‌డౌన్ లాగానే ఉంటుందని గ్రూపులో కూడా రాశారు. కౌంట్‌డౌన్‌లో ఉన్నది గడియారం ఒక్కటే అనుకుంటే అలాగే ఉంటుంది. నేను వద్దంటాను.

స్టేజీ ఎక్కేది ఎవరు? ఇంట్లో తాతమ్మలు ఉండి, తెలుగు గడగడా వచ్చిన అయిదారుగురు పిల్లలు. వాళ్ళకి పోటీ అక్కర్లేదు. మిగతా ముప్పై మంది కింద కూర్చుని, తమకి రాదన్న సంగతి ఇంకోసారి గట్టిగా తెలుసుకుంటారు. ధైర్యం చేసి ఎక్కిన పిల్ల ఎవరైనా 'అమ్మమ్మ వచ్చాడు' అంటే మూడొందల మంది నవ్వుతారు, పాతిక ఫోన్లు పైకి లేస్తాయి. ప్రేమగానే నవ్వుతాం. మేమూ ప్రేమగానే నవ్వాం.

"ప్రైజు లేకపోతే పిల్లలు రారు" అన్న మాట నిజమే, కొట్టిపారెయ్యను. అమెరికాలో మన చుట్టాల పిల్లల స్పెల్లింగ్ బీ చూడండి. 2019లో ఇచ్చే మాటలు చాలక ఒకేసారి ఎనిమిది మందిని విజేతలుగా ప్రకటించారు, తలా యాభై వేల డాలర్లు. వాళ్ళ కష్టం మామూలుది కాదు, దణ్ణం పెట్టాలి. కానీ అది పరుగుపందెం. పందెం గెలిచిన పిల్ల తర్వాత ఆ మాటల్ని అమ్మమ్మతో మాట్లాడుతుందా? మనకి కావాల్సింది మాట్లాడటం. ప్రైజు ఉండాలంటే ఉంచండి, టీ పాట్ లాంటిది పెట్టండి. మనకి టీ పాట్ బదులు ఏముంది? పేరు చెక్కించిన స్టీలు గిన్నె! మన ఇళ్ళల్లో పెళ్ళికీ పేరంటానికీ పేరూ తారీఖూ చెక్కించి పంచేవాళ్ళు కదా, ఇప్పటికీ మా వంటింట్లో ఎవరిదో తెలియని పేరున్న గిన్నె ఒకటుంది. అలాంటిది ఒకటి, కుటుంబం పేరు మీద. ఒంటరిగా పిల్లని ఎక్కించకుండా, పెద్దవాళ్ళూ పిల్లలూ కలిసి జట్టుగా, బల్లల చుట్టూ కూర్చుని ఆడితే బావుంటుందని నా అభిప్రాయం. మైకు వద్దే వద్దు.

ఎలా ఆడాలంటారా? మా ఇంట్లో రెండేళ్ళుగా ఆడుతున్నాం కాబట్టి చెప్తున్నాను. ఇంగ్లీషు ఆటని ఉన్నదున్నట్టు తెలుగులోకి తెస్తే కుదరదు. మొదటి ఆదివారమే తెలిసిపోయింది. వాళ్ళకి 'స్ట్రెంగ్త్స్' అనే మాటకి తొమ్మిది అక్షరాలు, అంటే పద్దెనిమిది పాయింట్లు. మనకి 'స్త్రీ' ఒక్క అక్షరం! గుణింతాలూ ఒత్తులూ విడివిడిగా ముక్కలు చేసి పంచితే పిల్లలకే కాదు, నాకే తల తిరిగింది. చివరికి ఇలా పెట్టుకున్నాం. తొమ్మిది హల్లులు చీటీలు తీస్తాం. ఏ చీటీ అయినా మాటలో ఒక్కసారే. గుణింతం, ఒత్తు, సున్నా ఉచితం, ఎంత కావాలంటే అంత. 'క' వస్తే కా, కి, కూ, కొ ఏదైనా మీ ఇష్టం. ఎన్ని చీటీలు వాడితే అన్ని పాయింట్లు.

ఇంకో చిక్కు ఉంది. తెలుగులో మాట ఎక్కడ ఆగుతుంది? చూడటం, చూడలేకపోవటం, చూడలేకపోయినందువల్ల... రైలు పెట్టెల్లా తగిలించుకుంటూ పోవచ్చు. ఒకసారి క, ర, మ, ల, ప, ట, న, డ, వ వచ్చాయి. నేను 'పడమర' అని నాలుగు పాయింట్లకి మురిసిపోతుంటే, మా ఆయన 'కనపడలేరు' అని ఆరు కొట్టాడు. ఇది మాటా, వాక్యమా? అరగంట గొడవ. అన్నం చల్లారిపోయింది.

ఆ గొడవ తీర్చడానికే మా డిక్షనరీ కార్నర్ ఏర్పడింది. ఆంధ్రభారతి వాళ్ళ నిఘంటువులు ఫోన్‌లో వెతకొచ్చు, బ్రౌన్ దొర 1852 నాటి నిఘంటువు కూడా అందులో దొరుకుతుంది. కానీ మా అమ్మ వాడే మాటలు కొన్ని ఏ పుస్తకంలోనూ లేవు. కాబట్టి వీడియో కాల్‌లో అమ్మనే కూర్చోబెట్టాం. గుంటూరులో అప్పటికి రాత్రి ఎనిమిదవుతుంది, భోజనం చేసి తయారుగా ఉంటుంది. ఆదివారం అనుబంధంలో గళ్ళ పజిల్ నలభై ఏళ్ళు పెన్సిల్‌తో నింపిన మనిషి, ఆ ఉద్యోగం ఆవిడకంటే బాగా ఎవరు చేస్తారు? 'కనపడలేరు' చెల్లుతుందంది. అల్లుడు కాబట్టి చెల్లిందని నేనంటాను.

మా అమ్మాయి మొదట్లో ఆడలేదు. పదిహేనేళ్ళ పిల్ల, సోఫా చివర ఫోన్ చూసుకుంటూ కూర్చునేది. గడియారం నొక్కే పని ఇచ్చాను, సరే అంది. మూడో వారమో నాలుగో వారమో గ, వ, స, ర, ద, డ, చ, ట, ప వచ్చాయి. నాకు 'పడవ' దొరికింది, మూడు. అమ్మ తన లెక్కలో 'వసారా' అంది. అది ఏంటని పిల్ల తలెత్తకుండానే అడిగింది. ఇంటి ముందు వాలుగా పెంకులు దింపి ఉంటుంది, తాతయ్య నులక మంచం అక్కడే వేసుకునేవాడు, వాన పడుతుంటే చూరు కింద చేతులు పెట్టి ఆడుకునేవాళ్ళం అని అమ్మ చెప్పుకుంటూ పోయింది. "అంటే కన్సర్వేటరీనా?" అంది ఇది. నాకు నవ్వొచ్చింది, పెదవి కొరుక్కున్నాను. అమ్మ మాత్రం సీరియస్‌గా, "అదేంటో నువ్వు చూపించు, చెప్తాను" అంది. పిల్ల లేచి ఫోన్ పట్టుకుని, పక్కింటివాళ్ళ కన్సర్వేటరీ కిటికీలోంచి చూపించింది. "ఆ, అదే. కాకపోతే దీనికి అద్దాలున్నాయి, మనదానికి గాలి ఉండేది" అని తీర్పు చెప్పింది మా సూసీ డెంట్.

అప్పుడు, ఫోన్ అమ్మవైపు తిప్పుకునే, "సరదాగా" అంది మా అమ్మాయి. స, ర, ద, గ. నాలుగు. అందర్నీ ఓడించింది. ఎనిమిదేళ్ళ తర్వాత... కాదు, ఆరేళ్ళ తర్వాత నేను విన్న దాని మొదటి తెలుగు మాట అని చెప్తే అతిశయోక్తి అవుతుంది, ఆకలి, అమ్మా, పద లాంటివి అంటూనే ఉంది. కానీ తనంతట తాను, ఎవరూ అడగకుండా, పదిమంది ముందు కాకపోయినా నలుగురి ముందు అన్నది అదే.

ఇప్పుడు దానికి పదిహేడు. తెలుగు గడగడా వచ్చేసిందని అనుకోకండి. నిన్నటికి నిన్న "బస్సు వచ్చాడు" అంది. అమ్మ కాసేపు ఆలోచించి, "బస్సు వచ్చింది, డ్రైవరు వచ్చాడు" అని ఊరుకుంది. తర్వాతి చీటీలు తీశాం.

గడియారం మాత్రం మార్చాల్సి వచ్చింది. ముప్పై సెకన్లు కళ్ళజోడు వెతుక్కోవడానికే సరిపోవడం లేదని అమ్మ గోల పెడితే నిమిషంన్నర చేశాం. ఆదివారం మన టైం మూడున్నరకి మొదలుపెడతాం, చలికాలమైతే ఇంకో గంట ముందు, లేకపోతే అమ్మ నిద్రపోతుంది. డ్యూటీ లేని వాళ్ళెవరైనా లింకు కావాలంటే అడగండి, పంపిస్తాను. చీటీలు మీవి మీరు కోసుకోవాలి. ళ, ణ మాత్రం ఒక్కొక్కటే వెయ్యండి, ఎక్కువేస్తే ఎవరికీ ఏమీ రాదు.